కొరియన్ల ఉద్వేగాలకు చిన్న కొలమానం

మనిషి తన కోపాన్ని, దిగులును, భయాన్ని ఎలా సంభాళించుకుంటున్నాడన్నది రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలే విషయం కాదు గనుక, మానసిక శాస్త్రం ఆ సంగతిని ఆ మనిషినే అడిగి తెలుసుకుంటుంది. అడగడానికి ఒక క్రమం ఉండాలి కాబట్టి ప్రశ్నావళులు పుట్టాయి. వాటిలోని ఒక్కొక్క వాక్యాన్ని చదివి, అది తనకు ఎంత తరచుగా వర్తిస్తుందో ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న అంకెల్లో ఒకదానికి గుర్తు పెట్టేసరికి, మనిషి తన లోపలి స్థితి గురించి చెప్పుకున్న మాట ఒక సంఖ్యగా మారుతుంది. ఆ సంఖ్యను బట్టి ఒకరికి చికిత్స అవసరమని తేల్చవచ్చు, మరొకరికి అక్కర్లేదని ఇంటికి పంపవచ్చు, ఒక చికిత్సా విధానం పనిచేసిందనో చేయలేదనో ప్రకటించవచ్చు. ఇంత బరువు మోసే సంఖ్య నిజంగా కొలవవలసినదాన్నే కొలుస్తోందా అని పరీక్షించే పనిని సప్రమాణతా నిర్ధారణ అంటారు. అమెరికాలో ఇంగ్లిషులో తయారైన ప్రశ్నావళిని కుదించి, కొరియన్ భాషలోకి మార్చి, కొరియన్ల చేత నింపించేటప్పుడు ఈ పరీక్ష మళ్లీ మొదటినుంచి జరగవలసిందే. ఇంగ్లిషులో దానికి దక్కిన పేరు కొరియాలో దానంతట అది చెల్లదు.

దక్షిణ కొరియాలో ఇలాంటి సాధనాల అవసరం ఎంత తీవ్రమైనదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ సభ్యదేశాల్లో ఆత్మహత్యల రేటు అత్యధికంగా ఉన్నది అక్కడే. 2023లో ఆ దేశంలో 13,978 మంది ప్రాణాలు తీసుకున్నారు, అంటే ప్రతి లక్ష జనాభాకు 27.3 మంది. కౌమారం నుంచి నలభై ఏళ్లలోపు వరకు ఉన్నవారి మరణాలకు మొదటి కారణం ఆత్మహత్యే. ప్రభుత్వం దీన్ని పట్టించుకోలేదని చెప్పడానికి లేదు. పాఠశాలల్లో విద్యార్థుల ఉద్వేగ, ప్రవర్తనా లక్షణాలను తెలుసుకునే పరీక్ష దేశమంతటా జరుగుతుంది. ప్రాథమిక పాఠశాల ఒకటో, నాలుగో తరగతి పిల్లల తరఫున తల్లిదండ్రులు, మిడిల్ స్కూలులో, హైస్కూలులో మొదటి సంవత్సరం చదివే పిల్లలైతే తామే ఆ ప్రశ్నలకు జవాబులు రాస్తారు. జాతీయ ఆరోగ్య పరీక్షల్లో కుంగుబాటును పసిగట్టడానికి తొమ్మిది ప్రశ్నల పత్రం వాడతారు. లక్షలాది మందిని అడగవలసిన ఇటువంటి చోట్ల, లేదా ఆస్పత్రిలో డాక్టరు గది బయట నిరీక్షించే కొద్ది నిమిషాల్లో, పొడవాటి ప్రశ్నావళికి చోటు ఉండదు. పరిశోధనల్లో కూడా ఒకే వ్యక్తి చేత కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి, ఒత్తిడి మొదలైన పది రకాల పత్రాలను ఒకే బైఠకులో నింపించవలసి వచ్చినప్పుడు, జవాబులు చెప్పేవారు సగంలోనే అలసిపోయి చివరి పేజీలను చదవకుండానే గుర్తులు పెట్టేయడం పరిశోధకులందరూ ఎరిగిన ఇబ్బంది.

ఉద్వేగాల నిర్వహణను కొలిచే ప్రశ్నావళుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బోస్టన్ ప్రాంగణానికి చెందిన కిమ్ గ్రాట్జ్, లిజబెత్ రోమర్ 2004లో ప్రచురించిన ఉద్వేగ నిర్వహణలో ఇబ్బందుల మాపని. మాపని అంటే ఒకే విషయం చుట్టూ అల్లిన వాక్యాల సముదాయం. దీనిలో 36 వాక్యాలు ఉన్నాయి, పరిశోధక ప్రపంచం దాన్ని ఇంగ్లిషు పేరులోని తొలి అక్షరాలు కలిపి డెర్స్ అని పిలుస్తుంది. దీని వెనుక ఉన్న ఆలోచనలో ప్రధానమైనది ఏమిటంటే, ఉద్వేగాన్ని నిర్వహించుకోవడం అంటే దాన్ని అణచివేయడమో, రాకుండా చేసుకోవడమో కాదన్న గుర్తింపు. కోపం రావడం లోపం కాదు. వచ్చిన కోపాన్ని గమనించగలగడం, అది ఏమిటో తెలియడం, వచ్చినందుకు తనను తాను తిట్టుకోకుండా ఉండడం, అది ఉండగానే చేయవలసిన పనిని చేయగలగడం, చేతికందినది విసిరికొట్టకుండా ఆగగలగడం, కాసేపటికి దాన్నుంచి తేరుకునే దారులు తనకు ఉన్నాయని నమ్మగలగడం, ఈ సామర్థ్యాలన్నీ కలిస్తేనే ఉద్వేగ నిర్వహణ. వీటిలో ఎక్కడెక్కడ కొరత ఉందో విడివిడిగా చూపించాలన్నది ఆ మాపని లక్ష్యం.

కాబట్టి అది ఆరు విభాగాలుగా ఉంటుంది. పరీక్ష తప్పిన ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకుంటే ఆ విభాగాలు తేలికగా బోధపడతాయి. తన మనసులో ఏదో జరుగుతోందని అతను గమనించకపోతే అది ఎరుక లోపం. గమనించినా అది సిగ్గో, కోపమో, భయమో తెలియక తికమక పడితే అది స్పష్టత లోపం. ఇంత చిన్న విషయానికి ఏడుస్తున్నానేమిటని తన మీద తనే అసహ్యం పెంచుకుంటే అది అంగీకార లోపం. మర్నాటి పరీక్షకు పుస్తకం తెరిచినా చదువు మీద మనసు నిలవకపోతే అది లక్ష్యం మీద నిలవలేని ఇబ్బంది. తమ్ముడి మీద చేయి చేసుకుంటే అది ఆవేశాన్ని ఆపుకోలేని ఇబ్బంది. ఇక ఈ స్థితి నుంచి బయటపడే మార్గం తనకు లేదని, ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనుకుంటే అది ఉపాయాల కొరత. చివరి విభాగానికి ఎనిమిది వాక్యాలు, స్పష్టతకూ లక్ష్యానికీ ఐదేసి, మిగిలిన మూడింటికి ఆరేసి కేటాయించారు. ప్రతి వాక్యానికీ ఒకటి నుంచి ఐదు మార్కులు కాబట్టి మొత్తం 36 నుంచి 180 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, ఎక్కువ మార్కులు వస్తే ఇబ్బంది ఎక్కువని అర్థం. మొదటి అధ్యయనంలో 357 మంది కళాశాల విద్యార్థుల జవాబులను విశ్లేషించగా, ఈ మార్కులు తమను తాము గాయపరచుకునే అలవాటుతో ముడిపడి ఉన్నట్టు కనిపించింది. చికిత్సాలయాలు దీని మీద ఆసక్తి చూపడానికి అదొక ముఖ్య కారణం.

మార్కులు వేసే తీరులో ఒక చిన్న విషయం ఉంది, కొరియా కథలో అదే పెద్దదవుతుంది. 36 వాక్యాల్లో 25 నేరుగా ఇబ్బందిని చెబుతాయి. మిగిలిన 11 వాక్యాలు మంచి సామర్థ్యాన్ని చెబుతాయి, అంటే తన భావాలను తాను పట్టించుకుంటానన్నట్టుగా సాగుతాయి. ఇలాంటి వాటికి ఐదు గుర్తు పెడితే ఒక మార్కు, ఒకటి గుర్తు పెడితే ఐదు మార్కులు వేయాలి. వీటిని తిరగేసి లెక్కించే వాక్యాలు అనవచ్చు. అన్నింటికీ కళ్లు మూసుకుని ఒకే అంకెను గుర్తు పెట్టేవారిని పసిగట్టాలనే మంచి ఉద్దేశంతోనే ప్రశ్నావళుల్లో ఇలాంటి వాక్యాలు చేరుస్తారు. అయితే డెర్స్‌లో అవి సమంగా పంచబడలేదు. ఎరుక విభాగంలోని ఆరు వాక్యాలూ తిరగేసి లెక్కించేవే. మిగిలిన ఐదు వాక్యాలు ఇతర విభాగాల్లో ఒకటీ రెండుగా ఉన్నాయి, అంగీకార విభాగంలో అసలు లేవు.

ఈ మాపనిని కుదించే ప్రయత్నాల్లో మూడు 2016లోనే వెలువడ్డాయి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన యోహాన్ బ్యూరెబెర్గ్ బృందం 16 వాక్యాల రూపాన్ని, ఎరిన్ కౌఫ్‌మన్ బృందం 18 వాక్యాల రూపాన్ని, సారా విక్టర్, డేవిడ్ క్లోన్‌స్కీ మరో 18 వాక్యాల రూపాన్ని ప్రచురించారు. రెండు 18 వాక్యాల రూపాలూ ఆరు విభాగాలనూ ఉంచుకుని, ఒక్కొక్కదానికి మూడేసి వాక్యాలు మిగిల్చాయి. 16 వాక్యాల రూపం మాత్రం ఎరుక విభాగాన్ని పూర్తిగా వదిలేసింది. ఉపాయాలకు ఐదు, లక్ష్యానికి, ఆవేశానికి, అంగీకారానికి మూడేసి, స్పష్టతకు రెండు వాక్యాలు ఉంచుకుంది. దాంతో తిరగేసి లెక్కించే వాక్యం ఒక్కటి కూడా అందులో లేకుండా పోయింది. కాబట్టి చిన్న ప్రశ్నావళి అన్న పేరు ఒకటే అయినా, ఏది వాడుతున్నారన్న దాన్నిబట్టి కొలుస్తున్న వస్తువే కొంత మారిపోతుంది.

కుదింపు వల్ల ఏం పోతుందో అంచనా వేయడానికి వందేళ్లకు పైబడిన ఒక సూత్రం ఉంది. ఒకే విషయాన్ని ఎన్ని వాక్యాలతో అడిగితే, విడివిడి వాక్యాల్లోని పొరపాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మొత్తం అంత స్థిరంగా ఉంటుంది. ఈ స్థిరత్వాన్నే విశ్వసనీయత అంటారు, సున్నా నుంచి ఒకటి మధ్య ఉండే సంఖ్యగా చెబుతారు. వాక్యాలు తగ్గితే విశ్వసనీయత ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని 1910లో చార్లెస్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ ఎవరికి వారుగా ప్రకటించారు. పూర్తి డెర్స్‌కు మొదటి అధ్యయనంలో వచ్చిన విశ్వసనీయత 0.93, దానిలోంచి కళ్లు మూసుకుని 16 వాక్యాలు ఏరితే ఆ సూత్రం ప్రకారం అది సుమారు 0.85కు పడిపోవాలి. బ్యూరెబెర్గ్ బృందానికి మాత్రం 0.92 వచ్చింది. మిగతావాటితో బలంగా కలిసి నడిచే వాక్యాలను చూసి ఏరుకోవడం వల్ల ఇది సాధ్యమైంది.

ఇక్కడ పాఠకుడు కాస్త ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఒకదానితో ఒకటి బలంగా కలిసి నడిచే వాక్యాలను మాత్రమే ఉంచుకుంటే విశ్వసనీయత పెరుగుతుంది, నిజమే. అయితే అవి కలిసి నడవడానికి కారణం అవన్నీ ఇంచుమించు ఒకే మాటను వేరువేరు పదాల్లో చెప్పడమే అయితే, పెరిగిన విశ్వసనీయతకు మూల్యంగా విస్తృతి పోయినట్టే. ఉపాయాల కొరత అన్న విభాగంలో నిరాశ గురించిన వాక్యాలు మాత్రమే మిగిలి, తేరుకోవడానికి పట్టే కాలం గురించిన వాక్యాలు పోతే, ఆ విభాగం క్రమంగా కుంగుబాటు ప్రశ్నావళిలా మారిపోతుంది. దీనికి తోడు ఇంకో తరహా లోపం కూడా తరచుగా జరుగుతుంది. గ్రెగరీ స్మిత్, డెనిస్ మెకార్తీ, క్రిస్టన్ ఆండర్సన్ 2000లో చిన్న రూపాల తయారీలో జరిగే తప్పులను ఏకరువు పెట్టినప్పుడు దీన్ని గట్టిగా ఎత్తిచూపారు. పెద్ద ప్రశ్నావళిని జనం చేత నింపించి, అందులోంచి 16 వాక్యాల జవాబులను మాత్రం వేరుచేసి లెక్కగట్టి, చిన్న రూపం పెద్దదానితో బ్రహ్మాండంగా సరిపోలిందని చెప్పడం సులువు. ఆ 16 వాక్యాలూ రెండు చోట్లా ఉన్నవే గనుక, వాటిలో దొర్లిన పొరపాట్లు కూడా రెండు చోట్లా ఒకటే గనుక, ఆ సరిపోలిక ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనబడుతుంది. పైగా 36 వాక్యాల మధ్య చదివిన వాక్యానికి ఇచ్చే జవాబు, దాన్ని 16 వాక్యాల మధ్య చదివినప్పుడు ఇచ్చే జవాబు ఒకటే కానక్కర్లేదు. చిన్న రూపాన్ని చిన్న రూపంగానే, విడిగా ముద్రించి, కొత్త మనుషుల చేతికి ఇచ్చి చూడాలన్నది ఈ విమర్శ సారాంశం. కొరియాలోనైనా మరెక్కడైనా కొత్త అధ్యయనాన్ని చదివేవారు మొట్టమొదట వెతకవలసిన వివరం ఇదే.

కొరియన్ భాషలో డెర్స్ ప్రయాణం 2007లో మొదలైంది. చున్‌చాన్ నగరంలోని హాలిమ్ విశ్వవిద్యాలయానికి చెందిన చో యోంగ్‌రే ఆ ఏడాది దాని కొరియన్ రూపాన్ని, దాని కొలత లక్షణాలను అక్కడి క్లినికల్ సైకాలజీ పత్రికలో ప్రచురించారు. అప్పటినుంచి కొరియన్ పరిశోధనల్లో ఆ రూపమే ఆధారంగా నిలిచింది, చిన్న రూపాలను కొరియన్లలో పరీక్షించే పని కూడా సహజంగా దానితో పోల్చుకునే జరుగుతుంది. ఇలాంటి అనువాదాలకు 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉంది. ఒకరు ఇంగ్లిషు నుంచి లక్ష్యభాషలోకి అనువదిస్తే, మూలాన్ని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి తెస్తారు, రెండు ఇంగ్లిషు పాఠాలనూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిదిద్దుతారు. అర్థం చెడిపోకుండా ఇది కాపాడుతుంది గానీ, అర్థం చెడకపోయినా జవాబిచ్చే అలవాటు మారిపోయే ప్రమాదాన్ని ఇది పట్టుకోలేదు.

జవాబిచ్చే అలవాటు అన్న మాటలో చాలా సంగతులు ఇమిడి ఉన్నాయి. కన్ఫ్యూషియస్ సంప్రదాయం వేళ్లూనుకున్న కొరియన్ సమాజంలో పెద్దల ముందు, పై అధికారుల ముందు, అత్తవారింట్లో ఉద్వేగాన్ని బయటపెట్టకుండా ఓర్చుకోవడం సంస్కారంగా లెక్క. డేవిడ్ మాట్సుమోటో బృందం 23 దేశాల సమాచారంతో 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అంతస్తుల క్రమానికి, సామాజిక కట్టుబాటుకు విలువనిచ్చే సంస్కృతుల్లో ఉద్వేగాన్ని కనబడనీయకుండా అణచుకోవడం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఓర్చుకోవడమే ప్రతిసారీ ఆరోగ్యానికి చేటు అని అనుకోవడం తొందరపాటు, ఎందుకంటే చుట్టూ ఉన్నవారు దాన్ని గౌరవించే చోట దానివల్ల మనుషుల మధ్య సంబంధాలు చెడిపోకపోవచ్చు. అయితే హద్దు దాటిన ఓర్పుకు కొరియన్లు తమ భాషలోనే ఒక రోగం పేరు పెట్టుకున్నారు, అదే హ్వాబ్యోంగ్. ఏళ్ల తరబడి అన్యాయాన్ని దిగమింగుకున్నవారిలో, ముఖ్యంగా నడివయసు స్త్రీలలో, ఒంట్లో సెగ పుట్టడం, గుండె మీద బరువు పెట్టినట్టుండడం, గొంతులోనో పొట్ట పైభాగంలోనో ముద్ద అడ్డుపడినట్టుండడం, ఊరికే నిట్టూర్పులు రావడం దీని లక్షణాలు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994 నాటి రోగనిర్ధారణ గ్రంథం అనుబంధంలో దీన్ని ఒక సంస్కృతికి ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. 2008లో క్వాన్ జంగ్‌హే బృందం దీన్ని కొలవడానికి ఒక ప్రత్యేక మాపనినే తయారు చేసింది.

ఉద్వేగం శరీరం మీదికి దిగి, మనసుకు మాత్రం పేరు తెలియకుండా ఉండిపోయే ఇలాంటి స్థితిని ఎరుక, స్పష్టత విభాగాలు పట్టుకోవాలి. పొట్టలో ముద్ద ఉందని చెప్పే మనిషి తనకు కోపం ఉందని చెప్పకపోవచ్చు. అటువంటి దేశంలో ఎరుక విభాగాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది లెక్కల సౌలభ్యాన్ని చూసి మాత్రమే తేల్చవలసిన ప్రశ్న కాదు.

అసలు ఆ విభాగాన్ని ఎందుకు తీసేశారో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. వివిధ దేశాల అధ్యయనాల్లో మిగిలిన ఐదు విభాగాలూ ఒకదానితో ఒకటి చక్కగా కలిసి నడుస్తుండగా, ఎరుక మాత్రం ఒంటరిగా నిలబడిపోయింది. కుంగుబాటుతోనో ఆందోళనతోనో దానికి ఉన్న సంబంధం బలహీనంగా కనబడింది. దీనికి రెండు వివరణలు సాధ్యం. తన ఉద్వేగాలను గమనించడం అన్నది నిర్వహణకు ముందు మెట్టే తప్ప నిర్వహణలో భాగం కాదన్నది మొదటిది. రెండోది మరీ సాదాసీదా వివరణ, ఆ ఆరు వాక్యాలూ తిరగేసి లెక్కించేవే కావడం వల్ల వాటి జవాబుల్లో ఎరుకతో పాటు వాక్య నిర్మాణం ప్రభావం కూడా కలిసిపోయిందన్నది. విషయం వల్ల కాకుండా అడిగిన తీరువల్ల జవాబుల్లో వచ్చే ఉమ్మడి తేడాను పద్ధతి కారకం అంటారు. అమెరికాలో జోసెఫ్ బార్డీన్ బృందం 2016లో తిరగేసి లెక్కించే వాక్యాలను నేరుగా అడిగేలా మార్చి రాసి చూడగా, ఎరుక, స్పష్టత వాక్యాలు కలిసి ఒకే విభాగంగా ఏర్పడ్డాయి. అంటే ఒంటరితనంలో కొంతైనా వాక్యం తీరుదే తప్పు.

కొరియన్ల విషయంలో రెండో వివరణకు బలం చేకూర్చే చరిత్ర అంతకుముందే ఉంది, అది డెర్స్ గురించి కాదు, కుంగుబాటు గురించి. లెనోర్ రాడ్‌లాఫ్ 1977లో ప్రచురించిన 20 వాక్యాల కుంగుబాటు మాపనిలో 16 వాక్యాలు బాధలను చెబితే, నాలుగు మాత్రం ఆనందాన్ని, భవిష్యత్తు మీద ఆశను, ఇతరులతో సమానంగా ఉన్నానన్న భావాన్ని చెబుతాయి. శామ్యూల్ నో, ఆయన సహచరులు 1992లోను, 1998లోను కెనడాకు వలస వెళ్లిన కొరియన్లలో దీన్ని పరీక్షించారు. బాధలను గురించిన వాక్యాలు బాగానే పనిచేశాయి, ఆనందాన్ని గురించిన నాలుగు వాక్యాలు మాత్రం దారి తప్పాయి. కుంగుబాటు లేనివారు కూడా తాము సంతోషంగా ఉన్నామని, ఎవరికీ తీసిపోమని గుర్తు పెట్టడానికి వెనకాడారు. తన సంతోషాన్ని తానే చాటుకోవడం వినయానికి భంగమని నేర్చుకుని పెరిగిన మనిషి ఆ వాక్యానికి తక్కువ అంకె పెట్టినప్పుడు, తిరగేసి లెక్కించే పద్ధతి ఆ వినయాన్ని కుంగుబాటుగా నమోదు చేసింది. ఆ నాలుగు వాక్యాలనూ బాధను నేరుగా చెప్పేలా మార్చి రాశాక మాపని మెరుగ్గా పనిచేసింది.

ఇక్కడ జరిగిన అన్యాయాన్ని కొద్దిగా దగ్గరగా చూడాలి. ఆ నాలుగు వాక్యాలకు ఒక్కొక్కదానికి గరిష్ఠం మూడు మార్కులు, మొత్తం పన్నెండు. ఆ మాపనిలో ఎక్కువమంది వాడే హద్దు 16 మార్కులు. కేవలం మర్యాద కోసం నాలుగు వాక్యాలకూ తక్కువ అంకె పెట్టిన ఆరోగ్యవంతుడు ముప్పావు దూరం అక్కడే దాటేస్తాడు. మిగతా 16 వాక్యాల్లో ఇంకో నాలుగు మార్కులు వస్తే చాలు, అతనికి కుంగుబాటు ఉండవచ్చన్న ముద్ర పడుతుంది. ఒక్క మనిషి విషయంలో ఇది చిన్న పొరపాటుగా కనబడవచ్చు, కానీ ఒక జాతి మొత్తం మీద ఇది జరిగితే కొరియన్లలో కుంగుబాటు విపరీతమన్న అబద్ధపు నిర్ధారణ శాస్త్రంగా చలామణీ అవుతుంది.

ఈ నేపథ్యంలో చో, హాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన పని విలువ తెలుస్తుంది. కొరియన్ డెర్స్ అంతర్నిర్మాణాన్ని తిరిగి పరిశీలించేటప్పుడు వారు తిరగేసి లెక్కించే వాక్యాల ప్రభావాన్ని పద్ధతి కారకంగా విడిగా లెక్కలోకి తీసుకున్నారు. మూడేళ్ల తర్వాత వచ్చిన మూడు చిన్న రూపాలను కొరియన్లలో పరీక్షించేవారికి ఇది నేరుగా పనికొచ్చే పాఠం. 18 వాక్యాల రూపాలు రెండింటిలోనూ ఎరుకకు మిగిలిన మూడేసి వాక్యాలు తిరగేసి లెక్కించేవే. అందువల్ల ఆ విభాగం బలహీనంగా తేలితే, కొరియన్లకు తమ ఉద్వేగాల ఎరుక వేరే రకంగా ఉందని తీర్మానించే ముందు వాక్యాల తీరును అనుమానించాలి. దీనికి తోడు, 1995లో చువాన్‌షెంగ్ చెన్ బృందం జపాన్, తైవాన్ విద్యార్థులను ఉత్తర అమెరికా విద్యార్థులతో పోల్చి చూసినప్పుడు, తూర్పు ఆసియా పిల్లలు నడిమి అంకెను ఎక్కువగా ఎంచుకుంటున్నట్టు గమనించింది. నడిమి అంకె వైపు మొగ్గే అలవాటు కొరియన్లలోనూ ఉంటే, మూడే వాక్యాలున్న విభాగంలో మనుషుల మధ్య తేడాలు మరింత కుంచించుకుపోతాయి.

ఇక పరీక్ష ఎలా జరుగుతుందన్న విషయం. మొదట నిర్మాణాన్ని చూస్తారు. పరిశోధకుడు ముందే అనుకున్న విభాగాల పటానికి జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో తేల్చే గణిత పద్ధతిని నిర్ధారక కారక విశ్లేషణ అంటారు. పటానికీ జవాబులకూ పొందిక ఎంతన్నది చెప్పే సూచికలు కొన్ని ఉంటాయి, వాటికి లీత్సే హు, పీటర్ బెంట్లర్ 1999లో సూచించిన హద్దులను చాలామంది ప్రామాణికంగా వాడుతున్నారు. హద్దు దాటిందా లేదా అన్నదొక్కటే చూసి సంబరపడడం మాత్రం మంచి అలవాటు కాదు. తర్వాత, ఈ మార్కులు కుంగుబాటు, ఆందోళన మాపనుల మార్కులతో తగినంత కలిసి నడుస్తున్నాయా, సంబంధం లేని వాటితో దూరంగా ఉంటున్నాయా అని చూస్తారు. కొన్ని వారాల వ్యవధిలో అదే మనుషుల చేత మళ్లీ నింపించి మార్కులు నిలకడగా ఉన్నాయా అని చూస్తారు. అన్నింటికన్నా కష్టమైనది చివరిది, మాపన సమానత్వం. ఒకే స్థాయి ఇబ్బంది ఉన్న ఇద్దరు, ఒకరు స్త్రీ మరొకరు పురుషుడు, లేదా ఒకరు విద్యార్థి మరొకరు రోగి, లేదా ఒకరు సియోల్‌లో ఉన్నవారు మరొకరు లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన కొరియన్, ఒకే వాక్యానికి ఒకే అంకెను గుర్తు పెడతారా అన్నది ఇక్కడి ప్రశ్న. బియ్యం తూచే ముందు రెండు కొట్లలో కిలోరాయి ఒకటేనా అని చూసుకోవడం లాంటిది ఇది. అది తేలకుండా ఏ రెండు సమూహాల సగటులను పోల్చినా ఆ పోలికకు విలువ లేదు, కొరియన్లకు అమెరికన్ల కన్నా ఇబ్బంది ఎక్కువనో తక్కువనో చెప్పే వాక్యాలన్నీ ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటాయి.

జవాబులు ఎవరివన్నది కూడా అంతే ముఖ్యం. ఈ రంగంలో తొలి అధ్యయనాలు చాలావరకు విశ్వవిద్యాలయ తరగతి గదుల్లోనే జరిగాయి, ఎందుకంటే విద్యార్థులు దగ్గరగా దొరుకుతారు. ఇరవై ఏళ్ల విద్యార్థుల మీద బాగా పనిచేసిన చిన్న రూపం, హ్వాబ్యోంగ్‌తో ఆస్పత్రికి వచ్చిన యాభై ఐదేళ్ల స్త్రీ మీద కూడా అలాగే పనిచేస్తుందని నమ్మడానికి ఆధారం ఉండదు. ఆమె తరానికీ విద్యార్థుల తరానికీ మధ్య కొరియాలో వచ్చిన మార్పు మరే దేశంలోనూ అంత వేగంగా వచ్చి ఉండకపోవచ్చు. ఉద్వేగం గురించి మాట్లాడే భాష కూడా ఆ రెండు తరాలకు ఒకటి కాదు. అందువల్ల చికిత్సాలయానికి వచ్చేవారి జవాబులు లేకుండా ఒక చిన్న రూపం చికిత్సాలయానికి పనికొస్తుందని ప్రకటించకూడదు.

ఒక్క వ్యక్తి విషయంలో సంఖ్యను ఎలా చదవాలన్నది వైద్యులకు, బడి సలహాదారులకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న. ఉదాహరణకు 16 వాక్యాల రూపానికి విశ్వసనీయత 0.92, మనుషుల మధ్య మార్కుల విస్తరణను చెప్పే ప్రామాణిక విచలనం 13 అనుకుంటే, కొలతలో ఉండే దోషం మూడున్నర మార్కులకు పైన ఉంటుంది. అంటే 45 మార్కులు వచ్చిన వ్యక్తి అసలు స్థాయి సుమారు 38 నుంచి 52 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నెల చికిత్స తర్వాత అతని మార్కులు 41కి తగ్గితే మెరుగుపడ్డాడని చెప్పడానికి ఆ నాలుగు మార్కులు చాలవు. వందమంది సగటు నాలుగు మార్కులు తగ్గిందంటే అది వేరే సంగతి, సమూహం సగటులో విడివిడి దోషాలు చాలావరకు సర్దుకుంటాయి. విభాగాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. రెండే వాక్యాలున్న స్పష్టత విభాగంలో ఎక్కువ మార్కులు వచ్చాయని ఒక పిల్లవాడికి తన భావాలు తనకు అర్థం కావని ఫైలులో రాయడం అతనికి చేసే అన్యాయం. బడిలో లక్షలమందిని వడపోసే చోట ఇలాంటి రాత ఎంతకాలం వెంటాడుతుందో ఆలోచిస్తే ఈ జాగ్రత్త అతిగా అనిపించదు.

కాబట్టి ఏ రూపాన్ని ఎక్కడ వాడాలన్నది కొరియాలో అవసరాన్ని బట్టి తేలవలసిన విషయం. ఒకే మొత్తం మార్కు కావలసిన చోట, చికిత్సకు ముందూ తర్వాతా సమూహాలను పోల్చవలసిన చోట, తిరగేసి లెక్కించే వాక్యాలు లేని 16 వాక్యాల రూపమే కొరియన్లకు ఎక్కువ తగినదని ఇంతవరకు తెలిసిన సంగతులు సూచిస్తున్నాయి. 18 వాక్యాల రూపాలను వాడేవారు ఎరుక మార్కులను మొత్తంలో కలపకుండా విడిగా ఉంచడం మేలు. హ్వాబ్యోంగ్ వంటి స్థితులను అధ్యయనం చేసేవారికి ఈ రెండూ చాలవు. పొట్టలో ముద్దగానో ఒంట్లో సెగగానో తప్ప తన కోపాన్ని ఎరగని మనిషిని కొలవాలంటే, ఎరుక వాక్యాలను వినయం అడ్డురాకుండా నేరుగా ఇబ్బందిని చెప్పేలా కొరియన్‌లోనే తిరిగి రాసి, వాటిని కొరియన్ రోగుల చేత, విడి పత్రంగా, కొత్తగా నింపించి చూడవలసి ఉంటుంది.